నేల ఎవరికి దక్కింది? పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాలో చట్టాలు, మలుపులు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ స్మారకోపన్యాసం చేయమని నిర్వాహకులు అడిగినప్పుడు, అది నాకు దక్కిన గౌరవమనీ, తీర్చుకోవలసిన రుణమనీ అనుకున్నాను. మనం ఎవరి స్మృతిలో ఇక్కడ కూడామో ఆ మాస్టారు తన ఉద్యోగ జీవితమంతా డిగ్రీ తరగతులకు చరిత్ర చెప్పారు. తేదీలు కంఠస్థం చేయించి సరిపెట్టుకోవడం ఆయన పద్ధతి కాదు. ఏ శాసనాన్ని గురించి చెప్పినా, దాని వల్ల ఎవరి చేతికి ఏమి వచ్చింది, ఎవరి చేతిలోంచి ఏమి పోయింది అని విద్యార్థుల చేత ఆలోచింపజేసేవారు. ఆ పద్ధతిలోనే ఈ సాయంత్రం ఒక దూరదేశపు చరిత్రను మీ ముందు ఉంచుతాను.

దూరదేశమన్నాను గానీ, ఆ దూరం ఈనాడు చాలా తగ్గింది. పిల్లలో, తోబుట్టువులో, దగ్గరి బంధువులో అమెరికాలో ఉన్న కుటుంబాలు ఈ సభలో చాలా ఉన్నాయి. టెక్సాస్, కాలిఫోర్నియా, మిసోరీ అన్న పేర్లు మన ఇళ్లలో రోజూ వినిపిస్తున్నాయి. ఆ నేల ఏ చట్టాల వల్ల, ఏ యుద్ధాల వల్ల, ఎవరి శ్రమ మీద ఆ దేశంగా రూపొందిందో మాత్రం మన సంభాషణల్లో అరుదుగా వస్తుంది. 

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికాను సాధారణంగా అధ్యక్షుల వరసగానో, అంతర్యుద్ధం చుట్టూ అల్లిన కథగానో చెబుతారు. ఆ శతాబ్దపు పెద్ద మలుపులన్నిటి అడుగునా ఒకే ప్రశ్న ఉందని నా ప్రతిపాదన. రాజ్యం చేతికి వచ్చిన నేలను ఎవరి నుంచి తీసుకోవాలి, ఎవరికి ఇవ్వాలి, ఏ షరతు మీద ఇవ్వాలి అన్నదే ఆ ప్రశ్న. ఆ ప్రశ్నకు అమెరికా చెప్పిన జవాబు మనిషిని బట్టి మారింది. కోట్ల ఎకరాలను పంచగల శక్తి తనకు ఉందని ఆ రాజ్యం నిరూపించుకుంది. అదే రాజ్యం, బానిసత్వం నుంచి బయటపడ్డవారి దగ్గరికి వచ్చేసరికి చేయి వెనక్కి తీసుకుంది. ఇందులో అశక్తత లేదు, ఎంపిక ఉంది. ఆ ఎంపిక ఎలా జరిగిందో క్రమంగా చూద్దాం.

కొలత, కాగితం

1783 పారిస్ ఒడంబడికతో బ్రిటన్ అమెరికా స్వాతంత్ర్యాన్ని గుర్తించింది. మిసిసిపీ నది దాకా ఉన్న భూభాగం మీద అధికారాన్ని వదులుకుంది. కొత్త దేశానికి యుద్ధపు అప్పులు మిగిలాయి. పన్నులు వేసే అధికారం అప్పటి కేంద్ర ప్రభుత్వానికి లేదు. దాని చేతిలో ఉన్న పెద్ద ఆస్తి పశ్చిమాన ఉన్న నేల ఒక్కటే. ఆ నేలను కొలిచి అమ్మడానికి 1785లో ఒక చట్టం చేశారు. ఆరు మైళ్ల పొడవు, ఆరు మైళ్ల వెడల్పు గల టౌన్‌షిప్‌లుగా నేలను విభజించాలి. ఒక్కో టౌన్‌షిప్‌ను 36 భాగాలు చేయాలి. ఒక్కో భాగం 640 ఎకరాలు. అందులో 16వ భాగాన్ని బడి కోసం అట్టిపెట్టాలి.

సర్వేయర్ల చేతిలో ఉన్నది 66 అడుగుల గుంటర్ గొలుసు. 80 గొలుసులైతే ఒక మైలు, పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. మన కోస్తా జిల్లాల్లో ఎకరాలు, సెంట్లు అని చెప్పుకునే లెక్క కూడా ఈ ఇంగ్లీషు కొలతల కుటుంబంలోదే. ఒహాయో నది ఒడ్డున మొదలైన ఆ కొలత దశాబ్దాల తరబడి పశ్చిమానికి సాగింది. ఇల్లినాయ్, అయోవా, కాన్సాస్ మీదుగా విమానంలో వెళ్లినవారు కిటికీలోంచి కిందికి చూస్తే పొలాలు, రోడ్లు ఉత్తర దక్షిణాలుగా, తూర్పు పడమరలుగా గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. అది 1785 చట్టం నేల మీద గీసిన గీత.

రెండేళ్ల తరువాత, 1787లో, మరో చట్టం వచ్చింది. ఒహాయో నదికి వాయవ్యాన ఉన్న ప్రాంతంలో బానిసత్వం ఉండకూడదని, అక్కడ ఏర్పడే కొత్త రాష్ట్రాలకు పాత రాష్ట్రాలతో సమానహోదా ఉంటుందని అది చెప్పింది. వలస దేశంగా పుట్టిన రాజ్యం తన కొత్త భూభాగాలను శాశ్వతంగా వలసలుగా ఉంచుకోనని మాట ఇవ్వడం ఆ కాలానికి గొప్ప ఆలోచన. కానీ సర్వే పటంలో ఖాళీగా కనిపించిన చదరాల్లో షానీ, మయామీ, డెలవేర్ వంటి జాతుల ఊళ్లు, మొక్కజొన్న చేలు ఉన్నాయి. నేల తమదని వారు చెప్పుకోవడానికి ఆ పటంలో చోటు లేదు.

కొనుగోలు, తరలింపు

1803లో అధ్యక్షుడు జెఫర్సన్ ప్రభుత్వం ఫ్రాన్సు నుంచి లూసియానాను కోటీ యాభై లక్షల డాలర్లకు కొన్నది. విస్తీర్ణం దాదాపు 8,28,000 చదరపు మైళ్లు. దేశం సుమారు రెండింతలైంది. నెపోలియన్ ఇంత నేలను ఎందుకు అమ్ముకున్నాడు? కరీబియన్‌లోని ఫ్రెంచి వలస సెయింట్ డొమింగ్‌లో తిరగబడ్డ బానిసలు అతని సైన్యాన్ని ఓడించారు. పశ్చిమార్ధ గోళంలో సామ్రాజ్యం కట్టాలన్న అతని ఆశ అక్కడ కూలింది. హైతీ అనే స్వతంత్ర దేశం 1804లో అక్కడే పుట్టింది. నల్లవారి స్వాతంత్ర్య పోరాటం వల్ల అమెరికాకు దక్కిన ఆ నేలలో కొంత భాగం తరువాత బానిసల చేత సాగు చేయించే నేలగా మారింది.

ఫ్రాన్సు అమ్మింది ఏమిటో కూడా గమనించాలి. ఆ నేలలో అత్యధిక భాగంలో ఫ్రెంచివారి ఉనికే లేదు. ఇతర యూరోపియన్ రాజ్యాలను కాదని అక్కడ అడుగుపెట్టే హక్కును మాత్రమే ఫ్రాన్సు అమ్మింది. అక్కడ నివసిస్తున్న ఓసేజ్, పానీ, లకోటా జాతులను ఎవరూ అడగలేదు. 1823లో అమెరికా సుప్రీంకోర్టు జాన్సన్ వర్సెస్ మెకింతాష్ తీర్పులో ఈ ధోరణికి న్యాయరూపం ఇచ్చింది. మూలవాసులకు నేల మీద నివాసహక్కు మాత్రమే ఉందని, యాజమాన్యం ఆ నేలను కనుగొన్న రాజ్యానిదని ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ రాశాడు.

ఆ సూత్రం ఎక్కడికి దారితీసిందో చెరోకీల చరిత్ర చెబుతుంది. జార్జియా, టెన్నెసీ ప్రాంతాల చెరోకీలు అప్పటికే స్థిరవ్యవసాయదారులు. సెక్వోయా అనే చెరోకీ 1821 నాటికి తమ భాషకు లిపి తయారుచేశాడు. 1827లో వారు లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో న్యూ ఎకోటా పట్టణం నుంచి తమ లిపిలోనూ ఇంగ్లీషులోనూ వార్తాపత్రిక అచ్చువేశారు. వారిలో సంపన్నులు నల్లవారిని బానిసలుగా కూడా ఉంచుకున్నారు. అంటే మంచికీ చెడుకీ, తెల్లవారు నాగరికత అని పిలిచినవన్నీ వారి దగ్గర ఉన్నాయి. అవేవీ వారి నేలను కాపాడలేదు.

1830 మే 28న అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇండియన్ల తరలింపు చట్టంపై సంతకం చేశాడు. ప్రతినిధుల సభలో ఆ బిల్లు అతి స్వల్ప ఆధిక్యంతో గట్టెక్కింది. దేశం మనస్సాక్షి ఆనాడు నిద్రపోలేదనడానికి ఆ ఓట్లే సాక్ష్యం. 1832లో వూస్టర్ వర్సెస్ జార్జియా కేసులో అదే మార్షల్, చెరోకీల భూభాగంలో జార్జియా చట్టాలు చెల్లవని తీర్పు ఇచ్చాడు. తీర్పు కాగితం మీద నిలిచింది గానీ నేల మీద అమలు కాలేదు. 1835లో చెరోకీలలో కొద్దిమంది చేత తమ నేలను వదులుకునే న్యూ ఎకోటా ఒడంబడిక మీద సంతకాలు చేయించారు. దాన్ని తిరస్కరిస్తూ జాన్ రాస్ నాయకత్వంలో వేల సంతకాలతో విన్నపం వాషింగ్టన్‌కు వెళ్లింది. అయినా అవసరమైన మూడింట రెండు వంతుల కంటే ఒక్క ఓటు ఎక్కువతో సెనేట్ ఆ ఒడంబడికను ఆమోదించింది. 1838లో సైన్యం చెరోకీలను ఇళ్లలోంచి లేపి శిబిరాల్లోకి తోలింది. సుమారు 16,000 మంది ఇప్పటి ఓక్లహోమా వైపు బయలుదేరారు. వారిలో దాదాపు 4,000 మంది శిబిరాల్లోనో దారిలోనో చనిపోయారని సాధారణంగా చెప్పే అంచనా. వారితోపాటు వారి బానిసలు కూడా ఆ దారి నడిచారు. చోక్టా, క్రీక్, చికసా, సెమినోల్ జాతుల తరలింపు కూడా ఆ దశాబ్దంలోనే సాగింది.

పత్తి నేల, కొత్త నేల

ఖాళీ అయిన ఆ నేల ఎవరికి వెళ్లింది? ఈ ప్రశ్న అడిగితేనే మూలవాసుల తరలింపు, బానిసత్వ విస్తరణ వేరువేరు అధ్యాయాలు కావని తెలుస్తుంది. జార్జియా, అలబామా, మిసిసిపీలలో తరలింపు తరువాత ఇతరుల చేతికి వెళ్లిన నేలల్లో పత్తి తోటలు వెలిశాయి. 1793లో ఎలి విట్నీ చేసిన జిన్ను యంత్రం గింజను దూది నుంచి త్వరగా విడదీసింది. ఇంగ్లండులోని లాంకషైర్ మిల్లులు ఎంత పత్తి వచ్చినా తీసుకున్నాయి. 1790లో దాదాపు 7 లక్షలున్న బానిసల సంఖ్య 1860 నాటికి 40 లక్షలకు చేరువైంది. వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాల నుంచి సుమారు 10 లక్షల మందిని దక్షిణ, పశ్చిమ ప్రాంతాలకు తరలించారు. తల్లిని ఒకరికి, బిడ్డను మరొకరికి అమ్మిన సంతలు ఈ తరలింపులో భాగం. అంతర్యుద్ధానికి ముందు ఆ దేశపు ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే.

అందుకే ఆ తరువాతి పెద్ద రాజకీయ సంక్షోభాలు చాలావరకు కొత్త నేల గురించే వచ్చాయి. 1820 మిసోరీ రాజీ 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశం మీద గీత గీసి, దానికి ఉత్తరాన, మిసోరీ మినహా, లూసియానా భూభాగంలో బానిసత్వాన్ని నిషేధించింది. 1845లో టెక్సాస్ కలిసింది. 1846లో మెక్సికోతో యుద్ధం మొదలైంది. 1848 గ్వాడలూప్ హిడాల్గో ఒడంబడికతో కాలిఫోర్నియా నుంచి న్యూ మెక్సికో వరకు 5 లక్షల చదరపు మైళ్లకు పైగా నేల అమెరికాకు దఖలుపడింది. ఆ నేలలో బానిసత్వం ఉండకూడదని డేవిడ్ విల్మట్ 1846లోనే ప్రతిపాదించాడు. అది ప్రతినిధుల సభలో నెగ్గినా సెనేట్‌లో నిలవలేదు. 1850 రాజీ కాలిఫోర్నియాను స్వేచ్ఛారాష్ట్రంగా చేర్చుకుంది. దానికి బదులుగా, పారిపోయిన బానిసలను పట్టి అప్పగించే కఠిన చట్టాన్ని ఉత్తరాది మీద రుద్దింది. 1854లో స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సాస్–నెబ్రాస్కా చట్టం పాత గీతను చెరిపేసింది. నిర్ణయాన్ని అక్కడ స్థిరపడినవారి ఓటుకు వదిలింది. కాన్సాస్‌లో ఓటు పెట్టెల దగ్గర మొదలైన ఘర్షణ తుపాకుల దాకా వెళ్లింది. ఆ ఏడాదే రిపబ్లికన్ పార్టీ పుట్టింది. 1857లో డ్రెడ్ స్కాట్ తీర్పులో ప్రధాన న్యాయమూర్తి టానీ, నల్లవారు పౌరులు కారని, కేంద్ర భూభాగాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని చెప్పాడు.

1860 ఎన్నికలో లింకన్ దక్షిణ రాష్ట్రాలలో ఉన్న బానిసత్వాన్ని రద్దుచేస్తానని చెప్పలేదు. కొత్త నేలలోకి దాన్ని రానివ్వనన్నాడు. ఆ ఒక్క మాటకే దక్షిణాది రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దేశాన్ని విడిచి వెళ్లాయి. విస్తరించకపోతే బానిసత్వం నిలవదని అక్కడి తోటల యజమానులు భావించారు. నేల కోసం వారికున్న ఆకలే వారిని యుద్ధానికి నడిపించింది.

1862: ఇచ్చిన చేయి

ఇప్పుడు నా ప్రతిపాదనకు కీలకమైన సంవత్సరానికి వస్తున్నాను. స్థిరపడే రైతుకు ప్రభుత్వ భూమిని ఉచితంగా ఇవ్వాలన్న డిమాండ్ యుద్ధానికి చాలా ముందు నుంచే ఉంది. చిన్న రైతులతో నిండిన పశ్చిమం బానిసత్వానికి అడ్డుగోడ అవుతుందని దక్షిణాది దాన్ని అడ్డుకుంటూ వచ్చింది. 1860లో కాంగ్రెస్ ఆమోదించిన బిల్లును అధ్యక్షుడు బుకానన్ తిరస్కరించాడు. దక్షిణాది సభ్యులు సభ విడిచి వెళ్లాక ఆ అడ్డు తొలగింది. 1862 మే 20న లింకన్ హోమ్‌స్టెడ్ చట్టంపై సంతకం చేశాడు. జూలై 1న పసిఫిక్ రైల్వే చట్టం, జూలై 2న మారిల్ చట్టం వచ్చాయి. వ్యవసాయ శాఖ కూడా ఆ మే నెలలోనే ఏర్పడింది. అంతర్యుద్ధం ఉద్ధృతంగా సాగుతున్న ఏడు వారాల్లో ఒక దేశం తన రాబోయే శతాబ్దాన్ని రాసుకుంది.

హోమ్‌స్టెడ్ చట్టం షరతులు సరళమైనవి. కుటుంబ పెద్ద అయినా, 21 ఏళ్లు నిండిన వ్యక్తి అయినా దరఖాస్తు చేసుకోవచ్చు. పౌరుడై ఉండాలి, లేదా పౌరసత్వం తీసుకుంటానని ప్రకటించి ఉండాలి. అమెరికాపై ఆయుధం పట్టి ఉండకూడదు. కొద్దిపాటి రుసుము కట్టి 160 ఎకరాలు తీసుకుని, అయిదేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తే పట్టా చేతికి వస్తుంది. పెళ్లికాని స్త్రీలకు, వితంతువులకు కూడా అవకాశం ఉంది. చట్టం అమలులోకి వచ్చిన 1863 జనవరి 1నే నెబ్రాస్కాలోని బీట్రిస్ దగ్గరి నేల కోసం డేనియల్ ఫ్రీమన్ తన దరఖాస్తు నమోదు చేయించాడు. చాలామంది కరువుకూ, చలికీ, అప్పులకూ తట్టుకోలేక మధ్యలోనే వదిలివెళ్లారు. బినామీ పేర్లతో భూమి కాజేసిన కంపెనీలూ ఉన్నాయి. అయినా, తరువాతి శతాబ్దంలోకి కూడా సాగిన ఆ చట్టం కింద సుమారు 16 లక్షల పట్టాలు, 27 కోట్ల ఎకరాల నేల మనుషుల చేతికి వెళ్లాయి. నార్వే, స్వీడన్, జర్మనీల నుంచి చేతులు ఊపుకుంటూ వచ్చిన కుటుంబాలు ఒక్క తరంలో భూమి గల కుటుంబాలయ్యాయి. రైల్వే కంపెనీలకు కేంద్రం ఇచ్చిన భూమి 13 కోట్ల ఎకరాల దాకా ఉంది.

మారిల్ చట్టం ఒక్కో రాష్ట్రానికి, కాంగ్రెస్‌లో దానికున్న ఒక్కో సభ్యుడికి 30,000 ఎకరాల చొప్పున కేటాయించింది. ఆ భూమిని అమ్మిన సొమ్ముతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టాలన్నది షరతు. ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలు అలా వచ్చాయి. పర్‌డ్యూ, ఒహాయో స్టేట్, టెక్సాస్ ఎ అండ్ ఎం, ఇల్లినాయ్, కాన్సాస్ స్టేట్ ఈ కోవలోవే. మన పిల్లలు ఎంఎస్ చదవడానికి వెళ్తున్న చోట్లలో చాలా ఇవే. మన నేలతో వాటి సంబంధం ఇంకా పాతది. 1964లో రాజేంద్రనగర్ కేంద్రంగా ఏర్పడ్డ మన వ్యవసాయ విశ్వవిద్యాలయం బోధన, పరిశోధన, విస్తరణ మూడింటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఆ నమూనా ల్యాండ్ గ్రాంట్ విశ్వవిద్యాలయాలదే. దాన్ని నిలబెట్టడంలో కాన్సాస్ స్టేట్ నిపుణులు తోడ్పడ్డారు. 1862లో లింకన్ చేసిన సంతకం నూరేళ్ల తరువాత మన రైతు పొలం గట్టు దాకా వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

ఈ మేలును కృతజ్ఞతతో చెప్పుకుంటూనే దాని మూలధనం ఎక్కడిదో కూడా చెప్పుకోవాలి. మారిల్ చట్టం కింద రాష్ట్రాలకు వెళ్లిన కోటికి పైగా ఎకరాలు ఒడంబడికల పేరుతోనో బలవంతంగానో మూలవాసుల నుంచి తీసుకున్నవే.

1865: ముడుచుకున్న చేయి

1863 జనవరి 1 హోమ్‌స్టెడ్ చట్టానికే మొదటి రోజు కాదు. తిరుగుబాటు రాష్ట్రాలలోని బానిసలకు విముక్తి ప్రకటన వెలువడిన రోజు కూడా అదే. ఒకే ఉదయాన ఒక రాజ్యం ఒకరికి నేలను, ఇంకొకరికి స్వేచ్ఛను ఇచ్చింది. ఈ రెండూ ఒకే మనిషి చేతిలో కలుస్తాయా అన్నది తరువాతి మూడేళ్ల ప్రశ్న.

దానికి జవాబు చెప్పవలసినవారు స్పష్టంగానే చెప్పారు. 1865 జనవరి 12న జార్జియాలోని సవానాలో జనరల్ షెర్మన్, యుద్ధ మంత్రి స్టాంటన్ కలిసి 20 మంది నల్లజాతి మతాచార్యులను పిలిపించారు. వారి తరఫున మాట్లాడినవాడు గారిసన్ ఫ్రేజియర్ అనే 67 ఏళ్ల బాప్టిస్టు ఆచార్యుడు. యుద్ధానికి కొద్ది ఏళ్ల ముందే వెయ్యి డాలర్లు చెల్లించి తననూ తన భార్యనూ విడిపించుకున్న మనిషి ఆయన. మీ స్వేచ్ఛను మీరెలా నిలుపుకోగలరని అడిగితే, మాకు నేల ఉండాలి, దాన్ని మా శ్రమతో దున్నుకోవాలి అన్నది ఆయన జవాబు సారాంశం. నాలుగు రోజులకు, జనవరి 16న, షెర్మన్ 15వ నంబరు ప్రత్యేక ఉత్తర్వు జారీచేశాడు. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్ నుంచి ఫ్లోరిడాలోని సెయింట్ జాన్స్ నది వరకు దీవులను, తీరం నుంచి 30 మైళ్ల లోపలి వరకు వదిలివేసిన వరి పొలాలను విముక్తుల కోసం కేటాయించాడు. కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా భూమి. కొద్ది నెలల్లోనే సుమారు 40,000 మంది 4 లక్షల ఎకరాల మీద స్థిరపడ్డారు. ఇళ్లు కట్టుకున్నారు, విత్తులు చల్లారు, బడులు పెట్టుకున్నారు.

ఏప్రిల్‌లో లింకన్ హత్యకు గురయ్యాడు. అధ్యక్షుడైన ఆండ్రూ జాన్సన్ మే 29న క్షమాభిక్ష ప్రకటించాడు. విధేయత ప్రమాణం చేసిన మాజీ యజమానులకు వారి భూములు తిరిగి ఇవ్వడం మొదలైంది. అక్టోబరులో విముక్తుల వ్యవహారాల సంస్థ అధిపతి జనరల్ హోవర్డ్ ఎడిస్టో దీవికి వెళ్లి, కిక్కిరిసిన చర్చిలో ఈ వార్త చెప్పవలసి వచ్చింది. హెన్రీ బ్రామ్, ఇష్మాయెల్ మూల్ట్రీ, యేట్స్ శాంప్సన్ అనే ముగ్గురు ఆ దీవి జనం తరఫున హోవర్డ్‌కూ అధ్యక్షుడికీ విన్నపాలు రాశారు. మమ్మల్ని చెట్టుకు కట్టి కొరడాతో కొట్టినవాడి గుడిసెలోనే ఉండి, వాడు నిర్ణయించిన కూలికే పని చేయమంటున్నారు, మాకు సొంత నేల ఉంటే వాడి గడప తొక్కనక్కరలేదు, అలాంటివాణ్ణి క్షమించమంటే మేమెలా క్షమించగలం అన్నది ఆ లేఖ భావం. బానిసత్వాన్ని గురించి, నేలను గురించి, వాటి సంబంధాన్ని గురించి ఇంతకన్నా స్పష్టమైన రాజకీయ విశ్లేషణ ఆ శతాబ్దపు కాంగ్రెస్ చర్చల్లో అరుదు. విన్నపం ఫలించలేదు. సైన్యం వచ్చి చాలామందిని ఖాళీ చేయించింది.

పెద్ద తోటల భూములను స్వాధీనం చేసుకుని, విముక్తులైన ప్రతి వయోజన పురుషుడికి 40 ఎకరాలు ఇవ్వాలని పెన్సిల్వేనియా సభ్యుడు థడ్డియస్ స్టీవెన్స్ పట్టుబట్టాడు. ప్రైవేటు ఆస్తి పవిత్రమని, దాన్ని తాకితే రాజ్యాంగమే కదిలిపోతుందని ఎదురు వాదించారు. ఆ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. చట్టబద్ధ పాలనకు ఆస్తిహక్కు ఒక స్తంభమే. కానీ అదే దేశం, ఇళ్లూ చేలూ పండ్లతోటలూ ఉన్న చెరోకీల ఆస్తిని, సుప్రీంకోర్టు తీర్పును కూడా పక్కనపెట్టి, ఒక తరం ముందే స్వాధీనం చేసుకుంది. కాబట్టి ఆస్తి పవిత్రత అన్న సూత్రం ఆనాడు అందరికీ వర్తించలేదు. ఎవరికి వర్తింపజేయాలో అధికారం ఉన్నవారు నిర్ణయించుకున్నారు. 1866లో దక్షిణాది హోమ్‌స్టెడ్ చట్టం పేరుతో అయిదు రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమిని తెరిచారు. అందులో చాలా భాగం చిత్తడి, పైన్ అడవి. నాగలి లేదు, ఎడ్లు లేవు, మొదటి పంట వచ్చేదాకా తినడానికి తిండి లేదు. చాలామంది అప్పటికే ఏడాది కూలి ఒప్పందాల్లో ఇరుక్కుని ఉన్నారు. 1876లో ఆ చట్టాన్ని రద్దుచేశారు.

ఫలితంగా, విముక్తుడు పాత యజమాని పొలంలోనే పాలుకు సాగు చేశాడు. విత్తనానికీ తిండికీ దుకాణదారు దగ్గర అప్పు, ఆ అప్పుకు రాబోయే పంట తాకట్టు. లెక్క రాసేవాడు ఒకడు, వేలిముద్ర వేసేవాడు ఇంకొకడు. ఏడాది చివర పత్తి తూకం వేసినా బాకీ తీరదు. ఈ బతుకు ఎలా ఉంటుందో మన పల్లెల్లో పుట్టినవారికి వివరించనక్కరలేదు.

సవరణలు నిలిపినవి, నిలపలేకపోయినవి

అంతర్యుద్ధం తరువాతి పునర్నిర్మాణ యుగం వట్టిపోయిందని అనడం అన్యాయం. 1865లో 13వ సవరణ బానిసత్వాన్ని రద్దుచేసింది. 1868లో 14వ సవరణ ఆ దేశంలో పుట్టి దాని చట్టపరిధిలో ఉన్నవారందరినీ పౌరులుగా ప్రకటించి, చట్టం ముందు సమరక్షణ ఇచ్చింది. 1870లో 15వ సవరణ జాతి కారణంగా ఓటుహక్కు నిరాకరించరాదంది. ఆ ఏడాదే హైరమ్ రెవల్స్ మిసిసిపీ నుంచి సెనేట్‌లో అడుగుపెట్టిన తొలి నల్లజాతి సభ్యుడయ్యాడు. ఆ ఆశ మన దేశాన్ని కూడా తాకింది. 1873లో పుణెలో జ్యోతిరావు ఫూలే తన గులామ్‌గిరి గ్రంథాన్ని నల్లవారి విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు.

అయితే ఓటు వేసేవాడి ఇల్లు, పొలం, అప్పు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడు ఆ ఓటును కాపాడటానికి సైనికుడు కావలసి వచ్చాడు. 1876 వివాదాస్పద ఎన్నిక తరువాత హేస్ అధ్యక్షుడై 1877లో దక్షిణాది రాష్ట్రాల రాజధానుల్లో కాపలా ఉన్న సైన్యాన్ని వెనక్కి పిలిచాడు. భయోత్పాతం ముందే మొదలైంది, దానికిప్పుడు అడ్డు లేకుండా పోయింది. 1879లో వేలమంది నల్లవారు నేల దొరుకుతుందన్న ఆశతో కాన్సాస్ బాట పట్టారు. 1890లో మిసిసిపీ రాజ్యాంగం తలపన్ను, అక్షరాస్యత పరీక్షల ద్వారా వారి ఓటును తొలగించే దారి చూపింది. 1896లో ప్లెసీ తీర్పు తెల్లవారికీ నల్లవారికీ వేరు రైలుపెట్టెలు రాజ్యాంగబద్ధమేనంది.

మూలవాసుల విషయంలో నేల ఇవ్వడమే నేల తీసుకునే ఉపాయమైంది. 1868 ఫోర్ట్ లారమీ ఒడంబడిక బ్లాక్ హిల్స్‌ను లకోటాలకు రాసిచ్చింది. 1874లో అక్కడ బంగారం కనిపించింది. మూడేళ్లలో ఆ కొండలను లాక్కున్నారు. 1887 డాస్ చట్టం ఉమ్మడి భూమిని విడదీసి కుటుంబ పెద్దకు 160 ఎకరాల చొప్పున పంచి, మిగిలినదాన్ని ఇతరులకు అమ్మకానికి పెట్టింది. వారిని రైతులను చేసి పౌరులను చేస్తామన్నది సంస్కర్తల మాట. వారిలో చాలామంది ఆ మాటను నమ్మే చెప్పారు. 1887లో 13.8 కోట్ల ఎకరాలున్న మూలవాసుల భూమి 1934 నాటికి 4.8 కోట్ల ఎకరాలకు తగ్గింది. 160 ఎకరాలు అన్న అదే అంకె నార్వే వలసదారుకు బతుకునిచ్చింది, మూలవాసులకు ఉన్న నేలను కుదించింది. ఒక చట్టం మంచిదా కాదా అన్నది దాని అంకెలో ఉండదు. ఆ అంకె ఎవరికి ఏ స్థితిలో వర్తించిందో దానిలో ఉంటుంది.

మనకు సంక్రమించినది

చివరగా మనకు నేరుగా సంబంధించిన విషయం. 1790 నాటి చట్టం తెల్లవారికే పౌరసత్వార్హత ఇచ్చింది. 1870లో ఆఫ్రికా సంతతికి దాన్ని విస్తరించారు. ఆసియావారు బయటే ఉన్నారు. సియెరా నెవాడా కొండలు తొలిచి 1869లో పసిఫిక్ రైలుమార్గం పూర్తికావడానికి శ్రమించిన చైనా కూలీలకు పౌరసత్వం తీసుకునే దారి లేదు కాబట్టి హోమ్‌స్టెడ్ భూమి కూడా అందలేదు. 1882లో చైనా కార్మికుల రాకనే నిషేధించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ను పరాయివాడని రేవులో ఆపేస్తే అతను కోర్టుకెక్కాడు. 1898లో సుప్రీంకోర్టు, 14వ సవరణ ప్రకారం అతను పుట్టుకతోనే పౌరుడని తీర్పు చెప్పింది. పుట్టుకతో తానూ పౌరుణ్ణేనన్న మూలవాసి జాన్ ఎల్క్ మాత్రం 1884లో అదే కోర్టులో ఓడిపోయాడు. ఆ నేలకు తొలి వారసులైన జాతులందరికీ పౌరసత్వం రావడానికి 1924 దాకా పట్టింది.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో పుట్టిన తెలుగు బిడ్డకు ఆ దేశపు పౌరసత్వం ఎక్కడి నుంచి వచ్చింది? బానిసలుగా పుట్టినవారి కోసం రాసిన సవరణ నుంచి, వంటవాడైన వాంగ్ కిమ్ ఆర్క్ పట్టుదల నుంచి వచ్చింది. ఆ బిడ్డ తండ్రి చదివిన విశ్వవిద్యాలయపు మూలధనం మూలవాసుల నేల నుంచి వచ్చింది. ఆ దేశంలో మనవారు తమ ప్రతిభతో, కష్టంతో ఎదిగారు. ఆ మాట నిజం. ఆ ఎదుగుదలకు మెట్లు కట్టినవారు ఎవరన్నది కూడా అంతే నిజం. అక్కడి నల్లవారి గురించి, మూలవాసుల గురించి మన ఇళ్లలో తేలిక మాట వచ్చినప్పుడు ఈ చరిత్రను పిల్లలకు చెప్పవలసిన బాధ్యత పెద్దలది.

ఆ శతాబ్దం నుంచి నేను తీసుకున్న పాఠం ఒకటే. హక్కును ప్రకటించడం అవసరం, అది చాలదు. ఆ హక్కును నిలుపుకోవడానికి కావలసిన జీవనాధారాన్ని దానితోపాటే ఇచ్చిన చోట రాజ్యాంగ వాక్యం బతికింది. ఇవ్వని చోట అదే వాక్యం నూరేళ్లపాటు కోర్టుల్లో, వీధుల్లో, జైళ్లలో మళ్లీ మళ్లీ సాధించుకోవలసి వచ్చింది. గారిసన్ ఫ్రేజియర్‌కు ఇది 1865లోనే తెలుసు. ఆయన చెప్పింది విన్న ప్రభుత్వం నాలుగు రోజుల్లో ఉత్తర్వు ఇచ్చింది, నాలుగు నెలల్లో దాన్ని వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా, బాధితులు తమకేం కావాలో చెప్పలేకపోవడం వల్ల న్యాయం ఆగిపోవడం అరుదు. చెప్పినదాన్ని చివరిదాకా నిలబెట్టే సంకల్పం పాలకులలో లేకపోవడం వల్లనే అది ఆగుతుంది. విధానాలు రాయబోయే యువతరం, వాటిని ప్రశ్నించబోయే యువతరం ఈ సభలో ఉంది కనుక, ఈ మాట మీ ముందు ఉంచి సెలవు తీసుకుంటున్నాను.